మంగళము పాడని కాలక్షేపము

"చదువుకొనుటకు తీఱిక లేదు" అను మాట నేడు విద్యావంతుల యిండ్లలో నిత్యపారాయణమైనది. మాసపత్రిక వచ్చి బల్లమీద పడియుండును. దాని పై చుట్టు విప్పుటకు తీఱిక లేదు. ఊరినుండి వచ్చిన పెత్తండ్రిగారితో నాలుగు మాటలాడుటకు తీఱిక లేదు. పిల్లవాని లెక్కల పుస్తకము తెఱచి చూచుటకు తీఱిక లేదు. ఇట్లనువారి చేతిలోని ఫోనునే సాక్ష్యమడిగినచో నిజము తెలియును. ఏ వ్యాపకమునకెన్ని నిమిషములు చెల్లిపోయినవో వ్రాసియుంచు పద్దొకటి నేటి ఫోనులలో కలదు. కరణము వ్రాసిన లెక్కకంటె నది నమ్మదగినది. ఎవరి మొగము చూచియు తగ్గించి వ్రాయదు. ఆ పద్దును మొదటిసారి తెఱచిన పెద్దమనుష్యులు సామాన్యముగా పలుకు పలుకొక్కటే: "ఇది తప్పు చూపుచున్నది."

దినమునకు రెండు గంటలని పెట్టుకొందము. ఇది హెచ్చు పెట్టుట కాదని చదువరులకే తెలియును. సంవత్సరమునకు 730 గంటలు. అందు సగము, అనగా దినమునకొక్క గంట, పుస్తకమునకిచ్చి గంటకు 25 పుటల చొప్పున మెల్లగా చదివినను ఏడాదికి 9,125 పుటలగును. 250 పుటల పుస్తకములు 36. ఏటికి 36 పుస్తకములు చదువు గృహస్థుడు మీ వీధిలో నున్నాడేమో చూడుడు. ఆ గృహస్థుడు లేకపోయినను ఆ గంటలు మాత్రము ప్రతి యింటను ఉన్నవి.

ఈ దురభ్యాసమును గుఱించి ఉపన్యసించువారు తఱచుగా మనోనిగ్రహమును బోధించి కూర్చుందురు. మనస్సు గట్టిదైనచో ఫోను ఏమి చేయగలదని వారి వాదము. వినుటకింపుగనే యున్నది గాని, దొంగను విడిచి సొత్తు పోయినవానిని మందలించు న్యాయాధిపతి తీర్పును బోలియున్నది. మేమనునది యేమనగా: ఫేసుబుక్కు, ఇన్‌స్టాగ్రాము, యూట్యూబు మొదలగు సామాజిక మాధ్యమములు ఒకసారి చేపట్టినవాడు దింపలేకుండునట్లు బుద్ధిమంతులచేత బుద్ధిపూర్వకముగా కట్టబడినవి. ఒంటరివాని సంకల్పము వానిముందు నిలుచుట దుర్ఘటము. ఇంటి యేర్పాటును మార్చి, విడిపించిన గంటను ముందుగానే మఱియొకదానికి ధారపోసినగాని ఆ యలవాటు తొలగదు.

కాలక్షేపమను మాటను చూడుడు. హరికథాకాలక్షేపమనియు, పురాణకాలక్షేపమనియు మన పెద్దలనిరి. వైష్ణవ సంప్రదాయమున గురుముఖముగా గ్రంథమును సేవించుటకును ఆ పేరే. మాట దిగజారి, తోచక చేయు పనికి పేరైనది. దానికి మేమంతగా చింతింపము. మాటలును మనుష్యులవలెనే దిగజారుచుండును. కాని మన వేడుకలకన్నిటికిని ఒక తుద యుండెడిది. హరిదాసు ఎంతటి మాటకారియైనను మంగళము పాడి చిఱుతలు దింపవలసినదే. అంతట జనులు పంచెలు దులుపుకొని ఇండ్లకు పోయెడివారు. తోలుబొమ్మలాట తెల్లవాఱుసరికి ముగియును. నవలకు కడపటి పుట కలదు. సినిమాను తిట్టిన మన తాతలు సైతము తెరమీద "శుభం" అని పడగనే లేచి వచ్చిరి. నవలను, సినిమాను ఒకప్పుడు ఇట్లే దూషించిరి గదా, ఇదియు నట్టిదే యని వాదించు మిత్రులు ఈ యొక్క భేదమును మఱచుచున్నారు. వారి చేతిలోని కథకు మంగళము లేదు.

లేకుండుట యాదృచ్ఛికము గాదు. మొదట ఈ తెరలమీది పుటలకును అడుగు కలిగియుండెడిది. అడుగునకు వచ్చినవాడు, తరువాతి పుటకు పోవలెనన్న, ఒక మీట నొక్కవలసియుండెను. ఆ నొక్కుటకు ముందు ఒక్క క్షణము విరామము. వివేకము నిలుచుటకు ఆపాటి చోటు చాలును. 2006లో ఆజా రాస్కిన్ అను అమెరికా నిపుణుడు, ఎంత జరిపినను అడుగు కనబడకుండునట్లు పుటను తనంతతానే పెరిగించు ఉపాయమును కల్పించెను. పిదప దాని ఫలమును జూచి ఆయనయే బహిరంగముగా విచారమును వెల్లడించెను. ఉపాయము మాత్రము ఆయన విచారమునకు లోబడక లోకమంతట వ్యాపించినది.

ఇక రెండవ కీలు. స్కిన్నరు అను మనస్తత్త్వవేత్త ఫెర్‌స్టరు అను నాతనితో గూడి, పావురములతో చేసిన పరీక్షలను 1957లో ఒక పెద్ద గ్రంథముగా ప్రకటించెను. ముక్కుతో ఇన్నిమార్లు పొడిచిన ఒకసారి గింజ పడునని లెక్క యేర్పఱచినచో, గింజ తిన్న పావురము కొంత విశ్రమించును. లెక్క తప్పించి, ఎప్పుడు పడునో తెలియనట్లు గింజలు వేసినచో, అది విశ్రమింపక పొడుచుచునే యుండును. మన తర్కశాస్త్రమువారు కాకతాళీయ న్యాయమని యొకటి చెప్పుదురు; కాకి వాలుటయు తాటిపండు రాలుటయు ఒక్కసారి కలియుట దాని యర్థము. ఈ వ్యాపారులు కాకతాళీయమునే యంత్రములో బిగించిరి. బొటనవ్రేలితో ఇరువదిసార్లు జరిపినచో పందొమ్మిది చెత్త. ఇరువదవది కడుపుబ్బ నవ్వించును, లేదా మన బొమ్మను ఎవరో మెచ్చుకొన్నట్లు చూపును. ఇరువదవది ఎప్పుడు వచ్చునో తెలిసినచో మనము ఫోనును దింపియుందుము.

ఇది మా యూహగాదు. ఫేసుబుక్కునకు తొలి అధ్యక్షుడైన షాన్ పార్కరు, మనుష్యుని మనస్సులోని ఒక దౌర్బల్యమును తామెఱిగియే వాడుకొనిరని 2017 నవంబరులో సభాముఖమున ఒప్పుకొనెను. ఎందుకు వాడుకొనిరో వారి జమాఖర్చులు చెప్పును. ఫేసుబుక్కును, ఇన్‌స్టాగ్రామును, వాట్సాపును ఏలుచున్న మెటా సంస్థకు 2023లో వచ్చిన రాబడి 13,400 కోట్ల డాలర్లకు పైమాట. అందు 13,100 కోట్లకు పైగా ప్రకటనలవలన వచ్చినదే. ఆ ప్రకటనదారులు కొనునది మన చూపు. మన గంటలు వారి సరకు. ఉచితముగా వచ్చినదని మనము మురియుచున్న వస్తువు మనలను తూచి అమ్ముచున్నది.

ఇట్టి యంత్రముముందు "రేపటినుండి చూడను" అను ప్రతిజ్ఞ ఎంతసేపు నిలుచును? ఈ ప్రశ్న క్రొత్తది గాదు. ఋగ్వేదము పదవ మండలములో అక్షసూక్తమని యొకటి కలదు. జూదరి తన గోడు తానే చెప్పుకొనును. ఇక ఆడనని నిశ్చయించుకొనును. చెలికాండ్రు తన్ను విడిచి పోవుదురు. అంతలో పాచికల చప్పుడు చెవిని పడును, కాళ్లు తామే అటు నడుచును. ఫోను గణగణలాడినప్పుడు మనకగు స్థితికిని దీనికిని భేదమేమి? ఆ సూక్తము జూదమాడవలదని చెప్పి ఊరకుండదు. పొలము దున్నుకొమ్మని చెప్పును. వేఱొక పనిని చేతికందించినగాని చేయి పాచికలను విడువదని ఆ ఋషికి తెలియును. నేటి యుపన్యాసకులు సూక్తములో సగమే చదివినట్లున్నారు.

విడిచిన గంటకు దిక్కు చూపకపోయిన నేమగునో ఇటీవలి పరీక్ష యొకటి తెలుపుచున్నది. 2018లో అమెరికా యెన్నికలకు ముందు కొందఱు అర్థశాస్త్రజ్ఞులు, కొంత ధనమిచ్చి, కొందఱిచేత నాలుగు వారములు ఫేసుబుక్కును మాన్పించిరి. దినమునకు సుమారొక గంట మిగిలినది. మిగిలిన గంటలో కొంత బంధుమిత్రులతో గడిచినది. కొంత ఒంటరిగా టెలివిజను ముందు గడిచినది. వారి మనస్సు కొంచెము కుదుటపడినది. గడువు తీఱిన తరువాతను వారు మునుపటికంటె తక్కువగా చూచిరి. దేశవార్తల జ్ఞానము మాత్రము కొంత తగ్గినది. ఈ కడపటి మాటను మా వాదమునకు ప్రతికూలమని దాచము. వార్తలకై వార్తాపత్రిక యున్నది. ముప్పావుగంటలో ముగియును, మడిచి పెట్టవచ్చును.

మన దేశపు నిదర్శనము ఇంతకంటె స్పష్టమైనది. 2020 జూన్ 29న ప్రభుత్వము టిక్‌టాక్‌ను నిషేధించెను. పిల్లలకు బుద్ధి వచ్చునని పలువురు సంతోషించిరి. జూలై నెలలోనే ఇన్‌స్టాగ్రామువారు రీల్సును మన దేశమున దింపిరి. ఖాళీ గంట తలుపు తెఱచి యుండెను. మఱియొకడు వచ్చి కూర్చుండెను.

ఇచ్చట ఒక జాతి బోధకులను గుఱించి చెప్పక తప్పదు. వీరు కాలమును సద్వినియోగము చేయుడని అఱచుచుందురు. సద్వినియోగమనగా వారి భాషలో ఇంకొక కోర్సు, ఇంకొక ధ్రువపత్రము, జీతములో ఇంకొక మెట్టు. ఫోను చూచుట మానుటకు ఫోనులోనే ఒక క్రొత్త యుపకరణమును దింపుకొమ్మందురు. ఈ బోధలు రీళ్లలోనే వచ్చుచుండుట యొక చమత్కారము. ఒక వ్యాపారి చేతినుండి గంటను లాగి రెండవ వ్యాపారి చేతిలో పెట్టుట మా యభిమతము గాదు. ఇంటివారు తమలో తాము మాటలాడుకొనుటయు, పిల్లలకు పద్యము చెప్పుటయు, పెరటిలో పాదు త్రవ్వుటయు మా దృష్టిలో పనులే.

తెగని కాలము ఏమి చేయగలదో తెలిసికొనగోరువారు గిడుగు రామమూర్తి పంతులుగారిని స్మరింపవలెను. ఆయన 1880లో పర్లాకిమిడి పాఠశాలలో ఉపాధ్యాయుడుగా ప్రవేశించెను. చిన్న జీతము, పెద్ద కుటుంబభారము. సవరలను జూచి, వారి భాష నేర్వవలెనని పూనెను. ఆ భాషకు లిపి లేదు, వ్యాకరణము లేదు, పాఠపుస్తకము లేదు. తెలుగు వచ్చిన సవర నొకనిని ఇంటిలో నుంచుకొని, బడి విడిచిన వేళలలో మాట మాటగా కూర్చుకొనెను. సవరపిల్లలకు బడులు పెట్టి, వారి భాషలోనే వాచకములు వ్రాసెను. ఆయన వ్రాసిన సవర భాషా వ్యాకరణము 1931లోను, నిఘంటువు 1938లోను వెలువడినవి. (మా యీ వ్రాతరీతిని ఆయన మెచ్చడని యెఱుగుదుము, వాడుకభాషకై ఆయన చేసిన పోరు వేఱొక సంచికకు తగిన విషయము.) అందఱును గిడుగువారు కాలేరని వెంటనే ఆక్షేపింతురు. నిజమే. అయినను ఆ నిఘంటువును కట్టినవి ప్రతిభ యొక్కటే గాదు, ఒకదానినొకటి అంటుకొనియున్న సాయంకాలములు. నిన్నటి మాట జ్ఞప్తిలో నుండగనే నేటి మాట వచ్చి చేరవలెను. పది నిమిషములకొకసారి చెవిదగ్గఱ గంట మ్రోగుచున్నచో నిఘంటువు మాట యటుండగా, ఒక జాబైనను తిన్నగా వ్రాయలేము. బడిలో పిల్లలయందు మేము చూచు లోపమిదియే. వారికి తెలివి తగ్గలేదు. ప్రశ్నకు జవాబు చురుకుగనే చెప్పుదురు. రెండు పుటల పాఠమును తలయెత్తక చదువుమన్న మాత్రము తీగ తెగిన వీణవలె నగుచున్నారు.

పిల్లలమాట వచ్చినది గనుక పెద్దలనుగూడ అడుగుదము. 2020 మార్చిలో మహమ్మారివలన పాఠశాలలు మూతపడినప్పుడు ఫోనే పాఠశాలయైనది. పుస్తకసంచితోబాటు దానిని పిల్లవాని చేతిలో పెట్టినది మనమే; పాఠశాలలు తెఱచినను అది చేతినుండి దిగలేదు. ఆస్ట్రేలియా ప్రభుత్వము పదునాఱేండ్లలోపు పిల్లలకు ఈ మాధ్యమములలో ఖాతాలుండరాదని 2024లో శాసనము చేసి, 2025 డిసెంబరు 10 నుండి అమలుపఱచినది. అట్టి శాసనము మనకును కావలెనని కోరు తండ్రులు కలరు. మంచిదే. కాని ఆ కోరికను వారు కంచముముందు కూర్చుండి, ఎడమచేత ఫోను జరుపుచు వెలిబుచ్చుచున్నారు. బిడ్డ నేర్చుకొనునది ఆ యెడమచేతినుండి. నలువదియేండ్ల తండ్రికి, అఱువదియేండ్ల తాతగారికి ఏ ప్రభుత్వము శాసనము చేయవలెను?

తాతగార్లను గుఱించి మఱియొకటి. వారు రీళ్లు చూడకపోవచ్చును; వాట్సాపులో వచ్చినదానిని వచ్చినట్లు పదిమందికి పంపుదురు. ఉదయమున పువ్వులబొమ్మ, మధ్యాహ్నమున వైద్యము, రాత్రి వదంతి. చదువకయే పంపుదురు, వ్రేలు తానే పంపును. 2018 మే నెలలో, పిల్లలనెత్తుకొనిపోవు ముఠాలు దిగినవని ఇట్లే వదంతులు వ్యాపించి, తెలంగాణమున మూకలు నిరపరాధులను కొట్టి చంపినవి. ఆ యేడు జూలైలో వాట్సాపువారు మన దేశమున ఒక సందేశమును ఒక్కసారి ఐదుగురికి మించి పంపరాదని కట్టుబాటు పెట్టవలసివచ్చెను. అలవాటుగా కదలిన వ్రేలు అమాయకమైనదని యెవరనగలరు?

అట్లని ఫోనును బావిలో పాఱవేయుమని మేమనము. డల్లాసులో నున్న కొమారుని మొగమును గుంటూరిలోని తల్లి ప్రతి యాదివారము చూచి మాటలాడుచున్నది. అది భాగ్యమే. కొమారునితో మాటలాడుటకు తుద కలదు. "ఉంటానమ్మా" అని అతడు చెప్పును, ఆమె ఫోను దింపును. దింపిన పిమ్మట అదే తెరమీద తెలియనివారి పెండ్లిండ్లను అర్ధరాత్రము వఱకు చూచుచుండుట వేఱు. ఈ రెంటిని ఒక్కగాట కట్టి, మొదటిదానిని చూపి రెండవదానిని సమర్థించుట మోసపు వాదము.

మన సంస్కారప్రియులలో ననేకులు మఱచు సంగతి యొకటి కలదు. ఇల్లాలు ఫోను చూచుచున్నదని భర్తలు ఫిర్యాదు చేయుదురు. ఎప్పుడు చూచుచున్నది? వంట ముగిసి, గిన్నెలు కడిగి, పిల్లలను పండబెట్టి, రేపటి పప్పు నానబోసిన పిదప, రాత్రి పదిన్నరకు. ఆయన సాయంకాలమాఱుగంటలకే కుర్చీలో దిగి చూచుట మొదలిడెను. దినములో ఆమెకు తనదని చెప్పుకొనదగినది ఆ యర్ధగంటయే. అందు అలసిన కన్నులకు సులభముగా దొరకునది ఆ తెరయే. ఆమెను పుస్తకము చదువుమని బోధించుటకు ముందు ఆ గిన్నెలు ఎవరు కడుగుదురో తేల్చవలెను. వీరేశలింగము పంతులుగారి కాలమునుండి స్త్రీవిద్యను గుఱించి వ్రాయుచునే యున్నాము. విద్య వచ్చిన స్త్రీకి చదువుకొను గంటను ఇచ్చుట ఇంకను మిగిలియున్నది. భర్త ఫోనునుండి విడిపించుకొనిన గంటలో మొదటి సగము వంటయింటికి చెల్లవలెనని మా నిశ్చితాభిప్రాయము. దీనికి కోపించు చదువరులు కోపింతురు గాక.

చేయవలసినదేమి? ఫోనునకు ఇంటిలో ఒక గూడు చూపుడు. వీథిగదిలో దాని తీగ యుండవలెను, పడకగదిలో నుండరాదు. మేలుకొనుటకు అదే గావలెనందురు. గంట కొట్టు గడియారము బజారులో స్వల్పమైన వెలకు దొరకుచున్నది. మాటలాడుటకు వచ్చు పిలుపులు దక్క తక్కిన గంటలన్నియు మ్రోగకుండ చేయుడు. ఎవరో బొమ్మ పెట్టినారని తెలియుటకు గంట యెందుకు? ఫేసుబుక్కును మానలేనివారు దానిని ఫోనులోనుండి తీసివేసి, బల్లమీది కంప్యూటరులో చూడవచ్చును. కుర్చీ లాగికొని కూర్చుండవలసినంత శ్రమ యడ్డుపడినను చాలవఱకు తగ్గును. ఇవన్నియు ఒక్కరు చేసిన నిలువవు. ఇంటిల్లిపాదియు ఒక్క వేళను, రాత్రి భోజనానంతరము ఎనిమిదిన్నర మొదలు తొమ్మిదిన్నర వఱకని, కట్టుకొనవలెను. ఆ వేళకు పని ముందే సిద్ధముగా నుండవలెను. ఒకరు పైకి చదువుట, తక్కినవారు చిక్కుడుకాయలు ఈనెలు తీయుచునో, పూలు కట్టుచునో వినుట మన యిండ్లలో ఉన్న యాచారమే. భారతమును అట్లే విన్నాము. మొదటినాడే భారతము పట్టవలదు, అది మూడవనాటికి మూలబడును. ఒక కథ, ఒక ప్రయాణచరిత్ర, ఒకరి జీవితము చాలును. మొదటి వారము చేయి జేబును తడుముకొనుచునే యుండును, సంభాషణ సాగదు, పిల్లలు గోడను జూతురు. తోచకుండుటకు భయపడవలదు. తోచనప్పుడే పిల్లవాడు బీరువా తెఱచును.

బీరువాలో పుస్తకములు లేనివారు గ్రంథాలయమునకు పోవలెను. 1901లో హైదరాబాదున శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషానిలయమును నెలకొల్పినవారును, 1914లో బెజవాడలో ఆంధ్రదేశ గ్రంథభాండాగారుల సభను జరిపినవారును చందాలు వసూలు చేసి, ఇల్లిల్లు తిరిగి పుస్తకములు యాచించి తెచ్చిరి. మనకంత శ్రమ లేదు. 1960 నాటి గ్రంథాలయ శాసనము ననుసరించి మనము ఇంటిపన్నుతోబాటు రూపాయకు ఎనిమిది పైసల చొప్పున గ్రంథాలయపు పన్ను చెల్లించుచునే యున్నాము. రసీదు తీసి చూడుడు. పన్ను కట్టుచు పుస్తకము తెచ్చుకొననివారు, తమ డబ్బుతో కట్టిన సత్రములో దిగక వీథిలో పండుకొనువారివంటివారు. ఈ శనివారమే పిల్లలను వెంటబెట్టుకొని మీ పేట శాఖాగ్రంథాలయమునకు పోయి, అది ఏ వేళకు తెఱచుచున్నారో కనుగొనుడు. ఉద్యోగస్థులు ఇంటికి వచ్చు వేళకు తలుపు మూయుచున్నట్లు తెలిసినచో, సాయంకాలము ఎనిమిది గంటల వఱకు తెఱచియుంచవలెనని జిల్లా గ్రంథాలయ సంస్థకు అర్జీ వ్రాయుడు. వీథిలో పదిమందిచేత చేవ్రాళ్లు చేయింపుడు. ఆ పదిమందియు సంతకము చేయునప్పుడు వారి ఫోనులను బల్లమీద బోర్లించి పెట్టుమని చెప్పుడు.